ఫోన్‌లోకి మన లిపి ఎలా వచ్చింది? భారతీయ భాషల కంప్యూటింగ్ చరిత్ర



డిజిటల్ ఇండియా మీద వ్యాసం రాయమంటే మనలో చాలామంది ఆధార్, యూపీఐ, డిజిలాకర్, ఉమంగ్ అంటూ యాప్‌ల పేర్లు వరసగా రాసుకుంటూ పోతాం. పేపర్ దిద్దేవారికి ఆ జాబితా కొత్త కాదు. వందల జవాబుల్లో అదే చూసి ఉంటారు. ఈ యాప్‌లన్నింటికీ అడుగున ఉన్న పొర గురించి రాసేవారు మాత్రం తక్కువ. ఆ పొర అక్షరం. యాప్ ఎంత గొప్పదైనా దానిలోని అక్షరాలు చదవలేని మనిషికి అది పనికిరాదు. తన పేరు తన లిపిలో టైప్ చేయలేని మనిషికి సగమే పనికొస్తుంది.

ఈ పేజీ మీ ఫోన్‌లో ఏ ఫాంటూ దించుకోకుండానే తెరుచుకుంది. 2002లో అయితే తెలుగు వెబ్‌సైట్ చూడటానికి చాలాసార్లు ముందు ఆ సైట్ వారి ఫాంట్ దించుకోవాల్సి వచ్చేది. అప్పటికి భారతీయ లిపులకు కంప్యూటర్ ప్రమాణం వచ్చి దశాబ్దం దాటింది. ప్రమాణం ఉండి కూడా అది సామాన్యుడి చేతికి చేరడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సాంకేతికత, సమాఖ్య వ్యవస్థ, భాషా హక్కులు అన్న మూడు అంశాల్లో దేనికైనా ఈ చరిత్రను వాడుకోవచ్చు.

1. అక్షరానికి అంకె కావాలి

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుకే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించాలి. అమెరికాలో 1963లో వచ్చిన ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలు ఉన్నాయి. ఇంగ్లీషుకు 26 పెద్దక్షరాలు, 26 చిన్నక్షరాలు, పది అంకెలు, కొన్ని గుర్తులు చాలు. కాబట్టి అది సరిపోయింది.

మన లిపుల సంగతి వేరు. "స్త్రీ" అన్న మాట తీసుకోండి. కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్ దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంఖ్యలుగా దాచుకుంటుంది. తెర మీద చూపేటప్పుడు మాత్రం ఈ ఆరింటినీ కలిపి ఒక్క ఆకారంగా గీయాలి. అంటే ఇక్కడ రెండు పనులు ఉన్నాయి: దాచుకోవడం, గీయడం. ఇంగ్లీషులో ఈ రెండూ దాదాపు ఒకటే. మనకు రెండూ వేర్వేరు. ఈ తేడాను గుర్తుంచుకోండి. తర్వాత వచ్చిన చిక్కులు చాలావరకు దీన్ని పట్టించుకోకపోవడం వల్లే వచ్చాయి.

2. కాన్పూర్ నుంచి పుణె దాకా: 1980ల కృషి

1980లలో ఐఐటీ కాన్పూర్‌లో భారతీయ లిపుల మీద గట్టి పరిశోధన జరిగింది. అక్కడ రూపుదిద్దుకున్న జిస్ట్ సాంకేతికత తర్వాత పుణెలోని సీడాక్‌కు చేరింది. 1988లో ఏర్పడిన సీడాక్ పేరు చెప్పగానే మనకు పరమ్ సూపర్ కంప్యూటర్ గుర్తొస్తుంది. భారతీయ భాషలకు అది చేసిన పని కూడా తక్కువేమీ కాదు. జిస్ట్ కార్డును కంప్యూటర్‌లో అమరిస్తే అప్పటి డాస్ ప్రోగ్రాముల్లో కూడా మన లిపులు కనిపించేవి.

ఈ పరిశోధకులకు ఒక సౌలభ్యం దొరికింది. దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం లిపులన్నీ బ్రాహ్మీ నుంచి పుట్టినవే. ఆకారాలు వేరైనా వర్ణమాల క్రమం ఒకటే: అచ్చులు, ఆపైన క వర్గం, చ వర్గం, ట వర్గం. ప్రాచీన వర్ణ శాస్త్రకారులు నోటిలో ధ్వని పుట్టే చోటును బట్టి ఏర్పరచిన ఈ క్రమం కంప్యూటర్‌కు చక్కగా అమరింది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌ను ప్రమాణంగా ప్రకటించింది. దానిలో అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉంటాయి. "క" ఏ భాషలోనైనా ఒకే మీట మీద ఉంటుంది. ఒక భాషలో టైపింగ్ నేర్చుకున్నవారికి ఇంకో భాష కీబోర్డు సులువుగా పట్టుబడుతుంది.

ఇదే సూత్రం మీద ఇస్కీ అన్న సంకేత ప్రమాణం తయారైంది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ 13194గా ఆమోదించింది. మొదటి 128 స్థానాలు ఇంగ్లీషుకు, తర్వాతి 128 భారతీయ లిపులకు. ఉర్దూ, కశ్మీరీ వంటి భాషలు వాడే పర్షో అరబిక్ లిపి ఈ చట్రంలో ఇమడలేదు.

3. ప్రమాణం కాగితం మీద, మార్కెట్ మరో దారిన

ప్రమాణం 1991లో వచ్చింది కదా, మరి అందరూ దాన్నే ఎందుకు వాడలేదు?

జవాబు అచ్చు రంగంలో ఉంది. 1980ల చివర, 1990లలో పత్రికలు, ప్రెస్సులు డీటీపీకి మారాయి. వారు వాడిన పేజ్‌మేకర్ లాంటి సాఫ్ట్‌వేర్లకు ఇంగ్లీషు ఫాంట్లే తెలుసు. వాటికి మన వత్తులు, గుణింతాలు గీసే తెలివి లేదు. అందుకని ఫాంట్ తయారీదారులు ఒక అడ్డదారి కనిపెట్టారు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లీషు గుర్తుల వరస. ఆ ఫాంట్ తొడిగితే కంటికి తెలుగు. తెలుగులో అను ఫాంట్లు, ఇతర భాషల్లో శ్రీలిపి, ఆకృతి వంటివి ఇలా రాజ్యమేలాయి.

దీన్ని కేవలం తప్పు అనలేం. ప్రెస్సువారికి కావాల్సింది కాగితం మీద అందమైన అచ్చు. అది దొరికింది. తెలుగు పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పెళ్లి శుభలేఖలు అన్నీ వీటి పుణ్యమే. అయితే గీయడం ఒక్కటే సాధించి, దాచుకోవడాన్ని వదిలేశారు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఒకరి ఫాంట్‌లో రాసింది ఇంకొకరి ఫాంట్‌లో పిచ్చిగీతలు. ఒకసారి ఒక సాఫ్ట్‌వేర్ కొన్న కార్యాలయం దాన్ని వదలలేని పరిస్థితి. ఆర్థికశాస్త్రంలో మనం చదివే "లాక్ ఇన్" అంటే ఇదే.

దీని ఫలితం మీరు ఇవాళ కూడా చూడొచ్చు. పాత తెలుగు పీడీఎఫ్ ఒకటి తెరిచి అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికించండి. చాలాసార్లు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. అందులో ఒక పదం వెతకమంటే దొరకదు. తెలుగు మాధ్యమంలో చదివేవారు వెయ్యి పేజీల్లో ఒక అంశం కోసం చేత్తో తిరగేస్తుంటే, ఇంగ్లీషు మాధ్యమం వారు రెండు సెకన్లలో వెతికి పట్టుకుంటారు. అవకాశాల అసమానత అన్నది ఇలాంటి చిన్న చోట్ల కూడా పుడుతుంది.

4. యూనికోడ్: ప్రపంచ పట్టికలో మన చోటు

ప్రపంచంలోని లిపులన్నింటికీ ఒకే పట్టిక ఉండాలన్న ఆలోచనతో యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చింది. భారతీయ లిపుల భాగాన్ని 1988 నాటి ఇస్కీ ఆధారంగా అమర్చారు. ఒక్కో లిపికి 128 గదులు ఇచ్చారు. "క" సంఖ్య దేవనాగరిలో 2325, తమిళంలో 2965, తెలుగులో 3093, కన్నడంలో 3221. తమిళం నుంచి తెలుగుకు, తెలుగు నుంచి కన్నడానికి తేడా సరిగ్గా 128. ఐఐటీ కాన్పూర్ నాటి ఆలోచన ప్రపంచ ప్రమాణంలో ఇలా నిలిచిపోయింది.

పట్టికలో చోటు దొరికినంత మాత్రాన తెర మీద కనిపించదు. గీసే యంత్రాంగం ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాలి. విండోస్ 2000లో హిందీ, తమిళం వచ్చాయి. తెలుగు 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్‌తో వచ్చింది. అంటే సంఖ్య దొరికిన పదేళ్లకు ఆకారం దొరికింది.

ఈ ఏకరూపత అందరికీ నచ్చలేదు. తమిళంలో హల్లులు తక్కువ. ఉమ్మడి నమూనాలో తమిళానికి ఇచ్చిన గదుల్లో చాలా ఖాళీగా మిగిలాయి. గుణింతాక్షరాలకు విడి సంఖ్యలు లేకపోవడం కూడా వారికి అభ్యంతరమైంది. 1999లో సొంత తమిళ్ 99 కీబోర్డును ఆమోదించిన తమిళనాడు ప్రభుత్వం, 2010లో యూనికోడ్‌తో పాటు టేస్ 16 అన్న తమ పద్ధతిని కూడా గుర్తించింది. భాష విషయంలో కేంద్రం అందరికీ కలిపి కుట్టిన చొక్కా ప్రతి రాష్ట్రానికీ సరిపోదన్న వాదన కోడ్ పట్టికల్లో కూడా కనిపిస్తుంది. సమాఖ్య వ్యవస్థ మీద ప్రశ్న వస్తే ఇది మంచి ఉదాహరణ.

5. ఖాళీని పూరించినవారు

ప్రభుత్వం ప్రమాణాలు రాసింది, కంపెనీలు అచ్చు ఫాంట్లు అమ్మాయి. మామూలు మనిషి తెలుగులో ఒక ఉత్తరం టైప్ చేసుకునే దారి చూపింది ఎక్కువగా వాలంటీర్లే.

1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని వచ్చాక, ఏ సాఫ్ట్‌వేరూ దించుకోకుండా బ్రౌజర్‌లోనే తెలుగు టైప్ చేయడం వీలైంది. పాత ఫాంట్ల సైట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అన్న పనిముట్టు కూడా ఇలాంటి కృషే. కన్నడంలో 1998లో వచ్చిన బరహ ఇదే పని చేసింది.

పొరుగు దేశాల చరిత్ర కూడా చూడండి, పోలిక బాగా ఉపయోగపడుతుంది. బంగ్లాదేశ్‌లో ముస్తఫా జబ్బార్ 1988లో బిజొయ్ కీబోర్డ్ తెచ్చారు. అది డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్. 2003 మార్చి 26న, ఆ దేశ స్వాతంత్ర్య దినాన, మెహదీ హసన్ ఖాన్ అన్న వైద్య విద్యార్థి అభ్ర కీబోర్డ్‌ను ఉచితంగా విడుదల చేశారు. 2010లో బిజొయ్ లేఅవుట్‌ను పోలిన ఒక అమరిక గురించి రెండింటి మధ్య వివాదం వచ్చింది. అభ్ర ఆ అమరికను తొలగించడంతో అది ముగిసింది. భాష కోసం ప్రాణాలిచ్చిన 1952 ఉద్యమం పేరిట ఇచ్చే ఏకుషే పదక్ పురస్కారం 2025లో అభ్ర బృందానికి దక్కింది. ఒక కీబోర్డ్‌కు జాతీయ పురస్కారం రావడం అంటే, అక్షరం ఆ దేశానికి ఏమిటో అర్థమవుతుంది.

ఉర్దూ కథలో సరిహద్దు కూడా చెరిగిపోతుంది. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ చేతిరాతతో నూరీ నస్తలీఖ్ ఫాంట్ వచ్చింది. అంతవరకు అక్కడి ఉర్దూ పత్రికలను లేఖకులు చేత్తో రాసేవారు. ఆ తర్వాత 1994లో ఢిల్లీకి చెందిన ఒక సంస్థ ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. పాకిస్తాన్ ఉర్దూ ప్రచురణ రంగం ఏళ్ల తరబడి దాని మీదే నడిచింది.

6. ఫోన్ వచ్చాక

మొబైల్ మొదట్లో మన లిపులకు అనుకూలంగా లేదు. ఒక ఎస్ఎంఎస్‌లో ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు పడతాయి. యూనికోడ్ లిపి అయితే 70 సంకేతాలే. ఇందాకటి "స్త్రీ" ఒక్కటే అందులో ఆరు తినేస్తుంది. తెలుగులో సందేశం పంపితే రెండు, మూడు మెసేజ్‌ల ఖర్చు. జనం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి అలవాటు పడ్డారంటే అది భాషాభిమానం లేక కాదు, లెక్క చూసుకుని.

స్మార్ట్‌ఫోన్లు వచ్చిన తొలినాళ్లలో చాలా మోడళ్లలో తెలుగు చదరపు పెట్టెలుగా కనిపించేది. క్రమంగా ఆపరేటింగ్ సిస్టమ్‌లు మారాయి. ఐఐటీ బొంబాయి స్వరచక్ర అన్న కీబోర్డ్ తెచ్చింది. హల్లు మీద వేలు ఉంచితే చుట్టూ చక్రంలా గుణింతం కనిపిస్తుంది. గూగుల్ కీబోర్డులు వచ్చాయి. 2016లో కేంద్రం ఐఎస్ 16333 ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది: దేశంలో అమ్మే ఫోన్లు భారతీయ అధికార భాషలన్నింటిలో సందేశాలు చదవగలిగేలా ఉండాలి, ఇంగ్లీషు, హిందీతో పాటు ఇంకో భారతీయ భాషలో టైప్ చేసే వీలుండాలి. అదే ఏడాది డేటా ధరలు పడిపోయాయి. 1991లో వచ్చిన ప్రమాణం సామాన్యుడి జేబులోకి చేరడానికి పాతికేళ్లు పట్టింది.

అప్పటికైనా గీసే సమస్య పూర్తిగా తీరలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరానికి సంబంధించిన ఒక తెలుగు సంకేతాల వరస ఐఫోన్‌లోకి వస్తే యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ప్రపంచం నవ్వుకుంది. మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది: కోట్లమంది మాట్లాడే భాష కూడా పెద్ద కంపెనీల పరీక్షల్లో చిట్టచివర ఉంటుంది.

7. ఇంకా వెనక ఉన్నవారు

తెలుగుకే ఇన్నేళ్లు పడితే చిన్న భాషల మాటేమిటి?

సంతాలీ కోసం రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి రూపొందించారు. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. ఓల్ చికి లిపికి యూనికోడ్‌లో చోటు 2008లో దొరికింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో బయటపడిన రాతప్రతుల్లోని గోండీ లిపికి 2018లో దొరికింది. గోండీ ఇప్పటికీ ఎనిమిదో షెడ్యూలులో లేదు. పక్కనే రూపాయి గుర్తు చూడండి. 2010 జులై 15న కేంద్రం దాన్ని ఆమోదిస్తే, అక్టోబరుకల్లా యూనికోడ్‌లో చేరింది. రాజ్యం తలచుకుంటే మూడు నెలలు చాలు.

రాజ్యాంగం 29(1) అధికరణం ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి ఉన్న పౌరులకు వాటిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. "లిపి" అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. ఫోన్‌లో లేని లిపిని రేపటి పిల్లలు వాడరు. అందుకే ఈ రోజుల్లో ఆ హక్కులో కోడ్ పట్టికలో చోటు, ఫాంట్, కీబోర్డ్ కూడా భాగమేనని మీరు వాదించవచ్చు.

8. రెండు చర్చలు

మొదటిది: ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేయడం మేలా, కీడా? ఇన్‌స్క్రిప్ట్ శాస్త్రీయమైనది, కానీ జనం లేఖిని లాంటి లిప్యంతరీకరణ వైపే మొగ్గారు. కారణం సులభం, ఇంగ్లీషు మీటలు అప్పటికే తెలుసు. అది లక్షలమందిని తెలుగులో రాయించింది. అయితే ఆ పద్ధతిలో తెలుగు రాయాలంటే ముందు ఇంగ్లీషు అక్షరాలు రావాలి. ఇంగ్లీషు రానివారి కోసం తెచ్చిన సౌకర్యానికి ఇంగ్లీషే గుమ్మం కాకూడదు. అందుకే రెండూ ఉండాలి.

రెండోది: ఇక మాట్లాడితే చాలు కదా, లిపితో పనేముంది? 2022 జులైలో ప్రారంభమైన భాషిణి వేదిక అనువాదం, మాట గుర్తింపు సేవలను భారతీయ భాషల్లోకి తెస్తోంది. చదువు రానివారికి ఇది గొప్ప మేలు. కానీ పట్టా, కోర్టు ఉత్తర్వు, అప్పు పత్రం, మందుల చీటీ రాతలోనే ఉంటాయి. సంతకం పెట్టే ముందు మళ్లీ ఒకసారి చదువుకోగలగాలి. పైగా అనువాద యంత్రాలు నేర్చుకునేది యూనికోడ్‌లో ఉన్న పాఠం నుంచే. పాత ఫాంట్లలో బందీగా ఉన్న మన పుస్తకాలు, పత్రికలు వాటికి కనిపించవు. ముప్పై ఏళ్ల క్రితం పట్టిన అడ్డదారి అప్పు ఇప్పుడు కృత్రిమ మేధ కాలంలో వడ్డీతో సహా తీర్చాల్సి వస్తోంది.

మెయిన్స్‌లో ఎలా వాడాలి?

• పాలన, జీఎస్ 2: సేవ ఆన్‌లైన్‌లో ఉండటం వేరు, పౌరుడికి అందడం వేరు. భాష ఈ రెంటి మధ్య దూరం.
• సాంకేతికత, జీఎస్ 3: ప్రమాణం రాస్తే సరిపోదు. దాన్ని వాడేలా కొనుగోలు విధానం, తప్పనిసరి నిబంధన, ఉచిత పనిముట్లు ఉండాలి. 1991కి, 2016కి మధ్య కాలమే దీనికి సాక్ష్యం.
• సమాజం, జీఎస్ 1: ఓల్ చికి, గోండీ ఉదాహరణలతో 29వ అధికరణాన్ని కలపండి.
• వ్యాసం: ప్రభుత్వం, మార్కెట్, వాలంటీర్లు అన్న మూడు శక్తుల్లో ఎవరి పాత్ర ఎంత అన్న చట్రం పెట్టుకోండి.

సాధన ప్రశ్న: "డిజిటల్ విభజన అంటే పరికరాల కొరత మాత్రమే కాదు, భాషల కొరత కూడా." భారతీయ లిపుల కంప్యూటింగ్ చరిత్ర ఆధారంగా చర్చించండి. (250 పదాలు)

రాసేటప్పుడు ఒక్క పని చేయండి. చివరి పేరాలో పరిష్కారాల జాబితాకు బదులు ఒకే ఒక్క ప్రతిపాదన పెట్టండి: ప్రభుత్వం వెలువరించే ప్రతి పత్రం యూనికోడ్‌లో, వెతికితే దొరికేలా ఉండాలి. ఖర్చు తక్కువ, కొలవడం తేలిక. గ్రామ సచివాలయం నుంచి హైకోర్టు దాకా అందరికీ వర్తిస్తుంది. ఆ ప్రతిపాదన ఎందుకు అవసరమో మీకు ఇప్పుడు చరిత్ర తెలుసు.